పాడే పెట్టె, పాడించే పెట్టె: స్టేజి మీద ఆడియో, మిడి ప్లేయర్ల సంగతి

వినాయక చవితి ప్రోగ్రాములు మొదలవడానికి రెండు వారాల ముందు ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. ఊరు హిందూపురం, ఇప్పుడు ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. మా ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ము పలక, వాయిస్తాడు. ఎవరో అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్‌లో ఒక మిడి ఫైల్ ప్లేయర్ కొన్నాడట. "పాటలన్నీ ఎక్కించినా అన్నా. ప్లే నొక్కితే లైట్లు కొట్టుకుంటాండాయి, టైము కూడా నడుస్తాంది. స్పీకర్లో మాత్రం సౌండే రాల్యా" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. పెట్టిన డబ్బు అతనికి చిన్నదేమీ కాదు.

పెట్టె బాగానే ఉంది. కాకపోతే అది పాడే పెట్టె కాదు, పాడించే పెట్టె. ఆ రోజు ఫోన్లో అరగంట చెప్పిన విషయాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పెళ్లి రిసెప్షన్లకీ, అపార్ట్‌మెంట్ల ఉగాది వేడుకలకీ, చవితి పందిళ్లకీ వాయించే మన తెలుగు బృందాల్లో చాలామందికి ఇదే గందరగోళం ఉంది. ఒకప్పుడు పదిహేను, ఇరవై మంది ఎక్కిన స్టేజి మీదకి ఇప్పుడు ఐదారుగురం ఎక్కుతున్నాం. మిగిలిన వాద్యాలన్నీ ఏదో ఒక పెట్టెలోంచి రావాల్సిందే. పాట మనుషుల వెంట నడుస్తుందా, లేక మనుషులే పెట్టె వెంట పరుగెత్తాలా అన్నది ఆ పెట్టెను బట్టి ఉంటుంది. నన్నడిగితే కొనేముందు చూసుకోవాల్సింది అదొక్కటే. సౌండ్ క్వాలిటీ, ధర ఆ తర్వాతి మాటలు.

ముందు మిడి సంగతి. వాద్యాలు ఒకదానికొకటి ఆజ్ఞలు ఇచ్చుకునే భాష అది. మిడి తీగలో శబ్దం ప్రయాణించదు. "ఒకటో ఛానెల్లో ఈ స్వరం నొక్కు, ఇంత బలంగా నొక్కు", "ఇప్పుడు వదిలెయ్", "మూడో ఛానెల్లో వయొలిన్ తీసి ఫ్లూట్ పెట్టు" లాంటి ఆజ్ఞలు మాత్రమే వెళ్తాయి. ఛానెల్ అంటే ఒక్కో వాద్యానికి కేటాయించిన వరస అనుకోండి. స్వరాలు రాసిన పుస్తకాన్ని బల్ల మీద పెడితే పాట వినపడదు కదా, చదివి పాడేవాళ్లు కావాలి. మిడి ఫైలుకి ఆ పాడే మనిషి ఒక సౌండ్ మాడ్యూల్ కావచ్చు, కీబోర్డు కావచ్చు. కొన్ని ప్లేయర్లలో టోన్లు, అంటే వాద్యాల శబ్దాలు, లోపలే ఉంటాయి. మావాడు కొన్నదాంట్లో లేవు. అది ఫైలు చదివి, వెనక ఉన్న ఐదు పిన్నుల సాకెట్లోంచి ఆజ్ఞలు పంపుతుంది, అంతవరకే దాని పని. ఆ సాకెట్‌ని తన కీబోర్డు మిడి ఇన్‌కి కలపగానే పాట మొదలైంది.

ఈ భాష పుట్టింది 1983లో. ఆ జనవరిలో అమెరికాలో నామ్ అనే వాద్యాల వ్యాపార ప్రదర్శనలో సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600నీ, రోలాండ్ వాళ్ల జూపిటర్-6నీ, రెండూ సింథసైజర్ కీబోర్డులే, ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోదీ పలికేలా చూపించారు. రెండు వేరువేరు కంపెనీల వాద్యాలు అలా మాట్లాడుకోవడం అప్పట్లో మామూలు సంగతి కాదు. దీనికి కారకులైన సీక్వెన్షియల్ స్థాపకుడు డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుటారో కకేహాషిలకు 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. 2020లో మిడి 2.0 కూడా వచ్చింది. అయినా స్టేజి మీద మనం తగిలించేది చాలావరకు ఇప్పటికీ ఆ పాత తీగే. దాని వేగం సెకనుకి 31,250 బిట్లు. ఈ కాలపు లెక్కలో నత్తనడక. కానీ ఒక స్వరం నొక్కమని చెప్పడానికి దానికి 1 మిల్లీసెకను చాలు. శబ్దం గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు దాటడానికి పట్టే సమయం అది. అందుకే ఇన్నేళ్లయినా స్టేజి మీద పెద్దగా ఇబ్బంది అనిపించలేదు.

ఆడియో ప్లేయర్ సంగతి ఇంత చెప్పక్కర్లేదు. వాయించి, రికార్డు చేసి, మిక్స్ చేసి పెట్టిన శబ్దాన్ని అది అలాగే వదులుతుంది. నాలుగు నిమిషాల పాట సీడీ నాణ్యత వేవ్ ఫైలుగా 42 ఎంబీ ఉంటుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే పదికి కాస్త లోపు. అదే పాట మిడి ఫైలుగా మామూలుగా 100 కేబీ కూడా దాటదు. ఫ్లాపీ డిస్కుల కాలంలో ఆర్కెస్ట్రాలన్నీ మిడి వెంట పడటానికి ఇదొక పెద్ద కారణం. 1.44 ఎంబీలో ఒక సాయంత్రానికి సరిపడా పాటలు పట్టేవి. ఆ కాలపు కీబోర్డులు ఇంకా వాడేవాళ్లు ఫ్లాపీ డ్రైవ్ పీకేసి, దాని చోట పెన్‌డ్రైవ్ పట్టే గోటెక్ పెట్టె బిగించుకుంటారు. పాత కీబోర్డు కొత్త ఊపిరి పోసుకోవడం చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో చోటు సమస్య కాదు. మరి ఇంకా మిడి ఎందుకు? శృతి కోసం.

సాయంత్రం ఆరింటికి సౌండ్ చెక్‌లో గాయని వచ్చి "అన్నా, గొంతు పట్టేసింది, ఒక అర శృతి తగ్గిస్తారా" అంటుంది. ఇది ఏదో ఒక ప్రోగ్రాములో జరిగి తీరుతుంది. మిడి అయితే ట్రాన్స్‌పోజ్ ఒక మెట్టు (ఆ అర శృతే) కిందికి. వయొలిన్ వయొలిన్‌లాగే ఉంటుంది, తాళం మారదు, ఎవరికీ తెలియదు కూడా. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పదో ఛానెల్‌ని మాత్రం ట్రాన్స్‌పోజ్ చేయకూడదు. అక్కడ ఒక్కో స్వరం ఒక్కో డ్రమ్ము. శృతి తగ్గించబోతే డ్రమ్ములే మారిపోతాయి. మంచి ప్లేయర్లు ఆ ఛానెల్‌ని వాటంతట అవే వదిలేస్తాయి, పాతవాటిలో చూసుకోవాలి. ఆడియో ఫైలుకి కూడా శృతి మార్చే పెట్టెలున్నాయి. ఒక మెట్టు, మహా అయితే రెండు మెట్లు వరకు చెవి ఒప్పుకుంటుంది. ఆ పైన వేణువు బొంగురుపోతుంది, తబలా దెబ్బ పదును పోతుంది. అందుకే ఆడియో మీద ఆధారపడేవాళ్లు ప్రతి పాటనీ ఇంట్లోనే రెండు మూడు శృతుల్లో తయారు చేసి పెట్టుకోవాలి.

శృతి గురించే ఇంకో ప్రమాదం చెప్తాను, ఎందుకంటే దీని మూలం తెలియక చాలామంది కీబోర్డుని అనుమానిస్తారు. 44.1 కిలోహెర్ట్జ్‌లో (శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచే రేటులో) చేసిన ఫైలుని ఏ మార్పిడీ లేకుండా 48 దగ్గర నడిపితే పాట దాదాపు 9 శాతం వేగంగా పరుగెడుతుంది, శృతి దాదాపు ఒకటిన్నర మెట్టు పెరుగుతుంది. అంటే సి లో ఉండాల్సిన పాట సి షార్ప్‌కీ డి కీ మధ్య ఎక్కడో పడుతుంది. కీబోర్డులో ఆ శృతికి కట్టే లేదు. కొన్ని పెట్టెలు అలాంటి ఫైలుని అసలు తీసుకోవు, అదే నయం. ఫైళ్లన్నీ ఒకే రేటులో పెట్టుకోవడం ఒక్క పూట పని.

మిడి బలహీనత ఎక్కడుందో నాకు యలహంకలో ఒక రిసెప్షన్‌లో తెలిసింది. అప్పట్లో నా ట్రాకులన్నీ, అంటే గాయకుల వెనక పెట్టెలోంచి వచ్చే వాద్యాలన్నీ, మిడిలోనే ఉండేవి. ఆ రోజు నా కీబోర్డు రిపేరులో ఉండి, అద్దె కీబోర్డు తెచ్చుకున్నాం. రెండో పాటకే తబలా ఉండాల్సిన చోట బాంగో, కాంగో మోగాయి, మధ్యమధ్యలో విజిళ్లు కూడా. ముందు వరసలో పెళ్లికొడుకు తాతగారు తల తిప్పి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కారణం జనరల్ మిడి. ఏ నంబరుకి ఏ టోను అన్నది అన్ని కంపెనీలూ ఒకేలా పెట్టుకోవాలని 1991లో 128 టోన్ల పట్టిక ఒకటి ఖరారు చేశారు. డ్రమ్ములన్నీ పదో ఛానెల్లో. ఆ 128లో 105వ నంబరు సితార్, 112 షెహనాయి. మన సంగీతానికి దక్కినవి దాదాపు అవే. తబలా లేదు, మృదంగం లేదు, వీణ లేదు, నాదస్వరం లేదు. డ్రమ్ముల పట్టికలో 60, 61 బాంగోలు, 62 నుంచి 64 వరకు కాంగోలు, 71, 72 విజిళ్లు. నేను నా సొంత కీబోర్డులో తబలా బోళ్లని (ఒక్కో దెబ్బ శబ్దాన్ని) సరిగ్గా ఆ నంబర్ల మీదే పెట్టుకున్నాను. అద్దె కీబోర్డు తన పట్టిక ప్రకారం న్యాయంగానే వాయించింది. ఏ స్వరం ఎప్పుడు అన్నది మిడి ఫైలు చెప్తుంది. ఆ స్వరం ఎలాంటి శబ్దంతో పలకాలో చెప్పడం దాని చేతిలో లేదు. అది వాయించే యంత్రం ఇష్టం.

గమకం దగ్గర కూడా ఇదే తంటా. స్వరాన్ని జారించడానికి మిడిలో పిచ్ బెండ్ ఉంది. 16,384 స్థాయిల సున్నితత్వం, తక్కువేమీ కాదు. కానీ అది ఛానెల్‌కి ఒకటే. ఒక ఛానెల్లో రెండు స్వరాలు మోగుతుంటే రెండూ కలిసే జారతాయి. ఫైలు ముందే విడిగా చెప్పకపోతే, ఎంత దూరం జారాలన్నది కూడా వాయించే కీబోర్డు సెట్టింగు మీదే ఉంటుంది. మామూలుగా అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు. నేను పన్నెండు మెట్లకి పెట్టి చేసిన కాంభోజి ఆలాపన రెండు మెట్ల కీబోర్డులో పడితే అది కాంభోజి కాదు, అపస్వరం. వీణ, నాదస్వరం, వేణువు ముక్కలు మనిషి చేత వాయించి రికార్డు చేయించుకున్నవే వాడాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను, తాళం ఎవరి చేతిలో ఉండాలి?

మన పాట మీటర్ తిరిగినట్టు నడవదు. మొదట్లో తాళం లేకుండా పాడే సాకీ ఉంటుంది, గాయకుడు అక్కడ ఇష్టమున్నంత సేపు నిలబడతాడు. జనం చప్పట్లు కొడితే పల్లవి మళ్లీ ఎత్తుకుంటాడు. పెళ్లికూతురు మెట్ల దగ్గర ఆగిపోయిందని కో-ఆర్డినేటర్ చెయ్యి ఊపితే ఇంటర్‌లూడ్ (పల్లవి, చరణాల మధ్య వాద్యాల ముక్క) ఇంకో నాలుగు ఆవర్తాలు సాగాలి. స్టీరియో ఫైలు ఒకటి ప్లే నొక్కి వదిలేస్తే వీటిలో ఏదీ కుదరదు. మూడు నిమిషాల యాభై సెకన్లకి పాట అయిపోతుంది, పెళ్లికూతురు ఎక్కడున్నా సరే.

మిడి ప్లేయర్‌లో ఈ స్వేచ్ఛ ఎక్కువ. వేగాన్ని పాట మధ్యలో మార్చొచ్చు, నాలుగు బార్లని (లెక్కకి కొలిచిన తాళపు ముక్కల్ని) మళ్లీ మళ్లీ తిప్పొచ్చు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. మిడి ఫైలు మధ్యలోకి దూకితే, ఆ ముందు భాగంలో ఉన్న ఆజ్ఞలన్నీ తప్పిపోతాయి. చరణం మొదట్లో "ఫ్లూట్ పెట్టు" అన్న మాట దాటేసి దూకితే ఆ ముక్క పియానోలోనే వస్తుంది. తెలివైన ప్లేయర్లు వెనక్కి వెళ్లి, దాటేసిన ఆజ్ఞలని వెతికి, పంపి, ఆ తర్వాతే వాయిస్తాయి. దీన్నే ఛేజ్ అంటారు. చౌక పెట్టెల్లో ఇది ఉండదు. అలాగే "నొక్కు" వెళ్లి "వదిలెయ్" వెళ్లకపోతే ఆ స్వరం అలా మోగుతూనే ఉంటుంది. అందుకే అన్ని స్వరాలూ ఆపే బటన్ ఎక్కడుందో చీకట్లో కూడా వేలికి తెలియాలి.

ఆడియోలో దీనికి నాకు దొరికిన ఉపాయం పాటని ముక్కలు చేయడం. సాకీకి ట్రాకే ఉండదు, కీబోర్డు మీద శృతి పట్టుకుని గాయకుడికి వదిలేస్తాను. పల్లవి దగ్గర కాలితో ఫుట్‌స్విచ్ తొక్కితే ట్రాక్ మొదలవుతుంది. పొడిగించాల్సిన చోట ఒక చిన్న ముక్క తిరుగుతూ ఉంటుంది, ఇంకోసారి తొక్కితే ముందుకి వెళ్తుంది. ఇలా తిప్పే ముక్కలు వేవ్‌లోనే ఉండాలి. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ఫైలు మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరుతుంది. ఒక్కసారి వినిపించే పాటలో అది తెలియదు. తిప్పే ముక్కలో మాత్రం ప్రతి ఆవర్తం చివరా తాళం కుంటుతుంది.

ట్రాక్ నడుస్తున్నంతసేపు మనుషులు దాన్ని పట్టుకోవడానికి క్లిక్, అంటే తాళం లెక్కపెట్టే టిక్కు టిక్కు శబ్దం, కావాలి. మా దగ్గర క్లిక్ రిథమ్ ప్యాడ్ వాయించే మావాడికి ఒక్కడికే వినిపిస్తుంది, ఒక చెవిలో. మిగతా అందరం అతన్ని అనుసరిస్తాం. అందరి చెవుల్లోనూ క్లిక్ పెట్టి చూశాను, నచ్చలేదు. గాయకులు ఎదురుగా ఉన్న జనాన్ని వదిలేసి లోపల టిక్కు టిక్కుని వినడం మొదలుపెట్టారు. క్లిక్‌తో పాటు నా గొంతుతోనే "చరణం వస్తోంది, రెండు, మూడు, నాలుగు" అని రికార్డు చేసి పెట్టాను. చిన్న పని, కానీ మావాడికి అది కొండంత ధైర్యం.

రెండే అవుట్‌పుట్లున్న ప్లేయర్ అయితే ఎడమవైపు ట్రాక్, కుడివైపు క్లిక్ పంపడం అందరూ చేసేదే. మన హాళ్లలో సౌండ్ చాలావరకు మోనోనే (రెండు వైపులా ఒకే శబ్దం) కాబట్టి ట్రాక్ మోనో కావడం వల్ల పెద్ద నష్టం లేదు. నిజానికి స్టీరియో ట్రాక్ ఇచ్చి, సౌండ్ ఆయన ఒక్క ఎడమ తీగే తగిలిస్తే సగం వాద్యాలు మాయమవుతాయి, అది ఇంకా ఘోరం. అయితే ఫోను, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఇలా చేస్తే క్లిక్ కొద్దిగా ట్రాక్ వైపుకి కారుతుంది. నిశ్శబ్దంగా ఉండే పాటలో ఆ టిక్కు హాలంతా వినపడుతుంది.

నాలుగో, ఎనిమిదో అవుట్‌పుట్లున్న మల్టీట్రాక్ ప్లేయర్ దొరికితే దాని విలువ వేరు. రిథమ్ ఒక తీగలో, బేస్ ఒక తీగలో, మిగతా వాద్యాలు ఒకదాంట్లో, క్లిక్ ఒకదాంట్లో వెళ్తాయి. ఒక కళ్యాణమండపంలో బేస్ గోడలకి కొట్టుకుని గుమగుమలాడుతుంది, ఇంకో పందిరిలో గాలికి పోతుంది. విడివిడిగా ఇస్తే సౌండ్ ఆయన సరిచేస్తారు. అన్నీ కలిపి వండేసిన ట్రాక్‌లో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. నాకు ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. తబలా వాయించే మనిషి ఆ రోజు దొరికితే, ట్రాక్‌లో తబలా ఆపేసి ఆయనకి చోటు ఇవ్వగలగాలి. మిడిలో తబలా విడి ఛానెల్లో ఉంటే దాన్ని మ్యూట్ చేస్తే సరిపోతుంది. మల్టీట్రాక్‌లో తబలాకి విడి తీగ ఉంటే దాన్ని తగ్గిస్తే సరిపోతుంది. స్టీరియో ఫైలులో అసలు కుదరదు. అందుకే స్టీరియో కరోకే ట్రాకుల మీద పూర్తిగా ఆధారపడిన బృందాలు "తబలా ఆయన అక్కర్లేదులే" అనే దగ్గరికి వచ్చేస్తాయి. ట్రాక్ అవసరాన్ని నేను కాదనను. కానీ వాయించే మనిషి ఎదురుగా ఉండగా పెట్టె చేత వాయించడం నాకు బాధగా ఉంటుంది.

మరి ల్యాప్‌టాప్ ఉండగా ఈ పెట్టెలు ఎందుకు అని ఐటీలో పనిచేసే మన మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ల్యాప్‌టాప్ ఇవన్నీ చేస్తుంది, ఇంకా ఎక్కువే చేస్తుంది. దానికి నేను చెప్పే జవాబు మన శృతిపెట్టె. బెంగళూరులోనే ఉన్న రాడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబురా, తబలా పెట్టెలు ఎన్ని కచేరీల్లో గాయకుల పక్కన ఉన్నాయో మనకి తెలుసు. నాబ్ తిప్పితే మోగుతుంది. మధ్యలో అప్‌డేట్ అడగదు, ఫోన్ రాదు, తెర ఆరిపోదు. ఒకే పని కోసం చేసిన పెట్టె అంటే అదీ. ఫోన్‌తో ట్రాక్ నడిపేవాళ్లకి నాదొక మనవి, కనీసం ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మంగళసూత్రధారణ పాటలో ఎవరిదో రింగ్‌టోన్ హాలంతా మోగడం నేను చెవులారా విన్నాను.

పెట్టెల్లోనూ రకాలున్నాయి. ఇటలీకి చెందిన ఎమ్-లైవ్ వాళ్ల మెరిష్, బి.బీట్ లాంటివి స్టేజి కోసమే పుట్టాయి. సైమాటిక్ ఆడియో ఎల్‌పీ-16 పెన్‌డ్రైవ్ నుంచి 16 ట్రాకులు విడివిడిగా ఇస్తుంది, వాటితో పాటు మిడి కూడా పంపుతుంది. రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ ప్యాడ్ మీద కర్రతో కొడితే వేవ్ ఫైలు మోగుతుంది కాబట్టి, మన రిథమ్ ప్యాడ్ కళాకారుల్లో చాలామందికి విడిగా ప్లేయర్ అవసరమే ఉండదు. కోర్గ్ పీఏ, యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్ తరహా అరేంజర్ కీబోర్డులు పెన్‌డ్రైవ్ నుంచి మిడి ఫైళ్లనీ, ఆడియో ఫైళ్లనీ రెండింటినీ నడుపుతాయి. కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్న కీబోర్డు మాన్యువల్ ఒకసారి పూర్తిగా చదవమని అందరికీ చెప్తాను. ల్యాప్‌టాప్ తప్పదనుకునే పెద్ద బృందాలు రెండు ల్యాప్‌టాప్‌లని ఒకే పాట మీద నడిపి, ఒకటి ఆగగానే రెండోదానికి మారే ఐకనెక్టివిటీ ప్లేఆడియో12 లాంటి పరికరం వాడతాయి. మన బడ్జెట్లకి అది దూరం.

ఇన్ని ప్రోగ్రాముల తర్వాత నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది. శబ్దానికి ఆడియో, ఆజ్ఞలకి మిడి. తబలా, వీణ, తీగ వాద్యాలు, కోరస్ అన్నీ వేవ్ ట్రాకులుగా ఉంటాయి. వాటి పక్కనే నడిచే మిడి ట్రాక్‌లో స్వరాలు దాదాపు ఉండవు. పల్లవికి నా కీబోర్డులో ఏ టోను రావాలో, చరణానికి ఏది కావాలో, గిటార్ అతని ఎఫెక్ట్ ఎప్పుడు మారాలో ఆ ఆజ్ఞలు మాత్రం ఉంటాయి. చేతులు వాయించడానికి ఖాళీగా ఉంటాయి. లైట్లవాళ్లు కావాలంటే ఇదే దారిలో వాళ్లకీ సంకేతం పంపొచ్చు. సాహిత్యం తెర మీద చూపించే ఏర్పాటు కూడా మిడి ఫైలులో ఉంది గానీ, ఆ నియమాలు రాసిన కాలంలో ఇంగ్లిష్ అక్షరాలనే దృష్టిలో పెట్టుకున్నారు. మా గాయకులు తెలుగులో చేత్తో రాసుకున్న నోట్‌బుక్కునే నమ్ముతారు, వాళ్లదే సరైన పని.

తీగల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లో హమ్ (గుయ్యిమనే మోత) వస్తే కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. తడి నేల మీద, జనరేటర్ కరెంటు మీద, ఇనప స్టేజి మీద నిలబడి మైకుకి పెదవులు ఆనించి పాడే మనిషి ప్రాణం ఆ పిన్ను మీదే ఉంటుంది. హమ్ పోవడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టెని ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే చాలు. మిడి తీగకి ఈ సమస్య మొదటి నుంచీ లేదు. సందేశం అందుకునే వైపు ఆప్టో ఐసొలేటర్ అనే చిన్న భాగం కరెంటుని వెలుగుగా మార్చి దాటిస్తుంది కాబట్టి రెండు పెట్టెల మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు. 1983లోనే ఆ ముందుచూపు చూపినవాళ్లకి నేను మనసులో దండం పెట్టుకుంటాను.

పెన్‌డ్రైవ్‌ల విషయంలో తడుముకోవాల్సింది పెద్దగా లేదు. చాలా ప్లేయర్లు ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిందే చదువుతాయి. పేర్ల ముందు 001, 002 అని వేస్తే పాటలు వరసలో వస్తాయి. పాత మిడి పెట్టెల్లో చాలావరకు అన్ని ఛానెళ్లూ ఒకే ట్రాకులో ఉండే టైప్ 0 ఫైళ్లనే పాడతాయి, విడివిడి ట్రాకుల టైప్ 1 ఇస్తే నోరు తెరవవు, ముందే మార్చుకోవాలి. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్కతో మొదలయ్యే దాగుడు ఫైళ్లు కూడా వెంట వస్తాయి, వాటిని తుడిచేయాలి. ఒకేలాంటి పెన్‌డ్రైవ్ ఇంకొకటి జేబులో ఉండాలి.

చవితికి మూడు రోజుల ముందు మావాడి ఇంటి మేడ మీద రిహార్సల్ పెట్టుకున్నాం. అంతా బాగా నడుస్తుంటే, రెండో పాట చరణంలో నేను కావాలనే ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు లాగేశాను. పందిట్లో జనరేటర్ మారేటప్పుడు జరిగేది అదే కదా. ప్లేయర్ చిన్న యూపీఎస్ మీద ఉంది, ఆగలేదు. నా కీబోర్డు ఎడాప్టర్ మాత్రం మామూలు బోర్డులో ఉండిపోయింది. అది ఆరిపోయి, కరెంటు ఇవ్వగానే మళ్లీ లేచి, మామూలు పియానో టోనుతో నిలబడింది. చరణంలో రావాల్సిన వేణువు రాలేదు. వేణువు పెట్టమన్న ఆజ్ఞ కీబోర్డు ఆరకముందే వచ్చేసింది, ఆ మాట అది మరిచిపోయింది. మావాడు ఒక్క క్షణం ఆలోచించి "ఇంగోసారి చెప్తే వింటాది గదన్నా" అన్నాడు. ఎడాప్టర్‌ని యూపీఎస్‌కి మార్చి, ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ముప్పై రెండు పాటలకీ, ప్రతి ఇంటర్‌లూడ్ ముందూ, ప్రతి చరణం ముందూ టోను ఆజ్ఞలు మళ్లీ పెట్టాం. పూర్తయ్యేసరికి పాలవాడు వచ్చాడు.